మన గోడల మీది సాలీళ్లను గుర్తుపడదాం

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో మొదట జరిగే పని బూజు దులపడం. పొడవాటి వెదురు కర్రకు చీపురు కట్టి, తలకు తువ్వాలు చుట్టుకొని ఒక్కో గదినీ దులుపుకుంటూ పోతాం. బూజుతోపాటు కింద పడిన సాలీళ్లను చెప్పుతో కొట్టడం కూడా ఆ పనిలో భాగమే అన్నట్టు జరిగిపోతుంది. "విషప్పురుగురా, చంపెయ్" అని ఒకరంటే, "ఒంటి మీద పాకితే బొబ్బలొస్తాయి" అని ఇంకొకరంటారు. అది ఏ సాలీడు, దానికి నిజంగా అంత విషం ఉందా, ఆ బొబ్బలు దాని వల్లే వస్తాయా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. మన గదుల్లో, వంటగదిలో, ఆవరణలో కనిపించే సాలీళ్లను ఎలా గుర్తుపట్టాలో ఈ వ్యాసంలో వివరిస్తాం. బొబ్బల సంగతి కూడా చెబుతాం. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందుగా పేరు సంగతి. సాలె అంటే బట్ట నేసేవాడు. నూలు వడకకుండానే తన పొట్టలోంచి దారం తీసి నేసే ఈ ప్రాణిని మన పెద్దలు నేతగాళ్ల పేరుతోనే పిలిచారు. శ్రీకాళహస్తి పేరు అందరికీ తెలుసు గాని, అందులో 'శ్రీ' అంటే సాలీడు, 'కాళం' అంటే పాము, 'హస్తి' అంటే ఏనుగు అని మన తమ్ముళ్లలో చాలామందికి తెలియదు. ఈ మూడూ శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయని అక్కడి స్థలపురాణం. 16వ శతాబ్దపు కవి ధూర్జటి ఈ కథలతోనే శ్రీకాళహస్తి మాహాత్మ్యం రచించాడు. పాము కంటే, ఏనుగు కంటే ముందు సాలీడు పేరే పెట్టారు చూడండి.

సాలెపురుగు అంటాం గాని ఇది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాల శరీరం, తల మీద మీసాలు ఉంటాయి. సాలీడుకు ఎనిమిది కాళ్లు, రెండే భాగాలు. తల, రొమ్ము కలిసిపోయి ముందు భాగమైతే, పొట్ట వెనక భాగం. మీసాలు లేవు, రెక్కలు లేవు. ఒక్కోసారి లెక్కపెడితే పది కాళ్లు ఉన్నట్టు అనిపిస్తుంది. నోటి పక్కన ఉండే రెండు చిన్న అవయవాలను కూడా కాళ్లుగా లెక్కపెట్టడం వల్ల అలా జరుగుతుంది. వాటి చివర్లు బాక్సింగ్ తొడుగుల్లా ఉబ్బి ఉంటే అది ఎదిగిన మగ సాలీడు. అలాగని ఎనిమిది కాళ్లున్నవన్నీ సాలీళ్లే అనుకోకూడదు. తేలుకూ, పశువులను పట్టే గోమారికీ కూడా ఎనిమిది కాళ్లే. ఇవన్నీ దూరపు చుట్టాలు.

ప్రపంచంలో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన సాలీళ్ల జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది. మన దేశపు సాలీళ్ల మీద బి.కె. టికాదర్ గారు రాసిన పుస్తకాన్ని 1987లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారు ప్రచురించారు. అన్ని జాతులను మనం గుర్తుపట్టలేం. అవసరమూ లేదు. ఇంట్లో తరచూ కనిపించేవి ఏడెనిమిది రకాలకు మించవు. వాటిని గుర్తుపట్టడానికి రంగును నమ్ముకోవద్దు. ఒకే జాతిలో ఆడది ఒక రంగు, మగది ఒక రంగు, పిల్ల ఇంకో రంగులో ఉండవచ్చు. ఎక్కడుంది, గూడు అల్లిందా లేదా, అల్లితే ఏ ఆకారంలో, ఎలా కూర్చుంది, ముట్టుకోబోతే ఏం చేస్తుంది అన్నవి ముందు చూడాలి. రంగు ఆఖర్న చూసినా చాలు.

గది మూలల్లో, ట్రంకు పెట్టెల వెనక, బియ్యం బస్తాల సందుల్లో, మెట్ల కింద చిక్కుపడ్డ దారాల్లాంటి గూట్లో తలకిందులుగా వేలాడేది పొడుగుకాళ్ల సాలీడు. శరీరం బియ్యపు గింజంత కూడా ఉండదు, కాళ్లు మాత్రం వెంట్రుకల్లా సన్నగా, పొడవుగా ఉంటాయి. వేలితో గూటిని తాకితే పారిపోకుండా గిరగిరా ఊగుతుంది. అంత వేగంగా ఊగేసరికి అది ఎక్కడుందో మన కంటికి ఆనదు. శత్రువు నుంచి తప్పించుకొనే ఉపాయం అది. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే రకానికి పొట్ట వెనక భాగం మొనదేలి ఉంటుంది. దాని శాస్త్రీయ నామం క్రాసోప్రిజా ల్యోని. తల్లి తన గుడ్లను నాలుగైదు దారాలతో చుట్టి, నోటితో కరుచుకొని మోస్తుంది. మనం బూజు అనేది చాలావరకు దీని పాత గూళ్లకు దుమ్ము పట్టినదే. ఈ సాలీడు డెంగీ దోమల్ని పట్టి తింటున్నదని థాయ్‌లాండ్‌లో చేసిన అధ్యయనం ఒకటి 1997లో వెలువడింది. సాలీళ్లు ఉన్నాయి కదా అని దోమతెర కట్టుకోకుండా పడుకుంటే లాభం లేదనుకోండి. కానీ దోమలను తినే ప్రాణిని చంపి, దోమలకు మందు కొట్టడం తెలివైన పనిగా మాకు తోచదు. దీనికి లోకంలోకెల్లా ఘోరమైన విషం ఉందని, కోరలు చిన్నవి కాబట్టి కరవలేకపోతున్నదని ఒక మాట ప్రచారంలో ఉంది. అది ఉత్తమాట.

పగటిపూట గోడ మీద, కిటికీ ఊచల మీద, మన పుస్తకాల మీద కూడా గంతులేసే చిన్న సాలీడు ఇంకొకటి. ఇది వేట కోసం గూడు అల్లదు. పొట్టి కాళ్లు, బలిసిన శరీరం. దీనికి ముందువైపు నాలుగు కళ్లు ఒకే వరుసలో ఉంటాయి, వాటిలో మధ్య రెండూ లారీ లైట్లంత పెద్దవిగా కనిపిస్తాయి. మిగతా నాలుగు తల పైన, పక్కల ఉంటాయి. మనం వేలు కదిపితే అటు తిరిగి చూస్తుంది. మనల్ని తిరిగి చూసే పురుగును మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా ముచ్చటపడతారు. దూకేముందు నిలబడ్డచోట ఒక దారాన్ని అంటించుకొని దూకుతుంది, గురి తప్పినా ఆ దారం పట్టుకొని పైకి వస్తుంది. కాళ్లను చాచడానికి కండరాల బదులు శరీరంలోని ద్రవాన్ని ఒక్కసారిగా కాళ్లలోకి నెడుతుంది. జేసీబీ చెయ్యి లేచేదీ ఇలాంటి ద్రవ పీడనంతోనే. మన గోడల మీద ఉండేవి ముఖ్యంగా రెండు రకాలు. ప్లెక్సిప్పస్ పేకుల్లి మగది నలుపు మీద తెల్ల చారలతో ఉంటుంది, ఆడది గోధుమ రంగు. మెనిమెరస్ బైవిట్టాటస్ బూడిద రంగులో చదునుగా ఉండి గోడకు అతుక్కుపోయినట్టు నడుస్తుంది. రెండూ ఈగల్ని, దోమల్ని వేటాడతాయి. రెండింటి వల్లా మనకు అపకారం లేదు.

ఇక అందరూ కేకలు పెట్టేది మూడోదాన్ని చూసి. రాత్రిపూట మరుగుదొడ్డి గోడ మీదో, స్టోరు రూములోనో అరచేయంత వెడల్పున, ఎండ్రకాయలా కాళ్లు పక్కలకు చాచి, గోడకు అతుక్కొని కూర్చొనే పెద్ద సాలీడు. ఇంగ్లీషులో హంట్స్‌మన్ అంటారు, అంటే వేటగాడు. శాస్త్రీయ నామం హెటెరోపోడా వెనటోరియా. దీని ముఖ్యాహారం బొద్దింకలు. ఓడల్లో సరుకులతోపాటు ప్రయాణించి ప్రపంచంలోని వెచ్చటి దేశాలన్నిటికీ పాకింది. ఒక్కోసారి దాని పొట్ట కింద రూపాయి బిళ్లలాంటి తెల్లటి గుండ్రని సంచి కనిపిస్తుంది. అది గుడ్ల సంచి. పిల్లలు బయటికి వచ్చేదాకా తల్లి దాన్ని మోస్తూనే ఉంటుంది. చేత్తో నలిపితే కరుస్తుంది, మంట పుడుతుంది, ప్రమాదం లేదు. కొన్నిసార్లు గోడ మీద కదలకుండా ఉన్నదాన్ని కొడితే పొడిపొడి అవుతుంది. అది సాలీడు కాదు, అది విడిచిన కుబుసం. పాముల్లాగే సాలీళ్లూ పెరిగేకొద్దీ పాత తోలు విడుస్తాయి.

గోడ పగుళ్ల దగ్గర పావలా బిళ్లంత తెల్లటి పలచని మచ్చ కనిపిస్తే దగ్గరగా వెళ్లి చూడండి. అది ఇకోబియస్ అనే చిన్న సాలీడు గూడు. సాలీడు రెండు మూడు మిల్లీమీటర్లే. చీమ అటుగా వస్తే దాని చుట్టూ గుండ్రంగా పరుగెత్తుతూ దారంతో చుట్టేస్తుంది. స్టడీ అవర్లో లెక్కలు రాకపోయినప్పుడు దీన్ని చూస్తూ కూర్చున్నవాళ్లు మాలో ఉన్నారు.

ఇప్పుడు బొబ్బల సంగతి.

ఒకసారి వానాకాలం చివర్లో, పక్క పొలాల్లో వరి బాగా ఎదిగిన రోజుల్లో, ఆరో తరగతి తమ్ముడొకడు మెడ మీద ఎర్రటి వాతలతో నిద్రలేచాడు. కొరడాతో కొట్టినట్టు పొడవాటి చార, దాని మీద చిన్న చిన్న నీటి పొక్కులు, విపరీతమైన మంట. సాలీడు పాకిందని ఒకరు, సాలీడు ఉచ్చ పోసిందని ఒకరు తేల్చేశారు. అంటుకుంటుందేమోనని వాడి చాపను వరండాలోకి, ట్యూబులైటు కిందికి మార్చారు. రెండు రోజుల తర్వాత వాడి మోచేతి మడతలో కూడా పొక్కులు లేచాయి. ఊళ్లో ఒకాయన మంత్రించి, ఏదో పసరు రాస్తే పుండైంది. పరీక్షలు నాలుగు రోజుల్లో ఉన్నాయనగా వాళ్లమ్మ వచ్చి ఇంటికి తీసుకెళ్లింది. వాళ్ల మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ చూసిన వెంటనే, "ఇది సాలీడు కాదమ్మా, లైటు పురుగు" అన్నారట.

ఆ పురుగు పేరు పెడెరస్. నైరోబీ ఈగ అని కూడా అంటారు గాని ఈగ కాదు, పెంకు పురుగుల జాతి. సెంటీమీటరు లోపు పొడవుంటుంది. సన్నగా చీమలా కనిపిస్తుంది. తల నలుపు, మెడ నారింజ రంగు, నడుము దగ్గర మెరిసే నీలి ఆకుపచ్చ రెక్కల పెంకులు, మళ్లీ నారింజ, చివర నలుపు. ఆరు కాళ్లు, కాబట్టి సాలీడు కానే కాదు. ఇది కరవదు, కుట్టదు. దీని శరీరంలోని ద్రవంలో పెడెరిన్ అనే విషపదార్థం ఉంటుంది. మెడ మీద పాకుతున్నప్పుడు మనం నిద్రలో చేత్తో నలిపేస్తే ఆ ద్రవం చర్మానికి పూసుకుంటుంది. అప్పుడేమీ తెలియదు. ఒకటి రెండు రోజుల తర్వాత ఎర్రబడి పొక్కులు లేస్తాయి. చెయ్యి ఎటు రాసిందో అటే చార పడుతుంది, అందుకే కొరడా వాతలా ఉంటుంది. మోచెయ్యి మడిస్తే ఇటు ద్రవం అటు అంటుకొని, అద్దంలో బొమ్మలా రెండు వైపులా ఒకేలా పొక్కులు వస్తాయి. అదే చేత్తో కళ్లు నులుముకుంటే కళ్లు వాచిపోతాయి. వరి పొలాల తడి నేలలో పెరిగి, రాత్రిపూట లైటు వెలుతురుకు వస్తుంది. పాపం ఆ తమ్ముణ్ణి పడుకోబెట్టింది సరిగ్గా లైటు కిందే.

కాబట్టి ఈ పురుగు ఒంటి మీద కనిపిస్తే కొట్టకూడదు, నలపకూడదు. ఊదేయాలి, లేదా కాగితం మీదికి ఎక్కించి దులిపేయాలి. నలిగిపోతే వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగాలి. దుప్పటి, చొక్కా కూడా ఉతకాలి. పొక్కులు లేచాక పసర్లు, సున్నం, టూత్‌పేస్టు రాయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చాలామందికి వారం పది రోజుల్లో తగ్గుతుంది, నల్లటి మచ్చ కొన్నాళ్లు ఉంటుంది. ఇది అంటువ్యాధి కాదు. పక్క మంచం వాడికి రాదు. పడక వేరు చేయనక్కర్లేదు, కంచం వేరు చేయనక్కర్లేదు. ఈ వాక్యాన్ని ప్రతి తమ్ముడూ గుర్తుపెట్టుకోవాలని మా కోరిక. వరి కోతల కాలంలో పడుకొనే ముందు లైట్లు ఆర్పేయడం, కిటికీలకు మెష్ కొట్టించడం, లైటు కింద పడక వేయకపోవడం చేస్తే చాలావరకు తప్పుతుంది.

సాలీడు మీద పడే నింద ఇంకొకటి ఉంది. నడుముకో, ఛాతీకో ఒక పక్కనే పట్టీ కట్టినట్టు గుంపులుగా పొక్కులు లేచి, లోపల పొడుస్తున్నట్టు నొప్పి వస్తే దాన్ని కూడా సాలీడు పాకిందంటారు. పెద్దలు సర్పి అనేది దీన్నే. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాగి ఉండి, ఏళ్ల తర్వాత మళ్లీ లేవడం వల్ల వస్తుంది. దీనికి మందు ఉంది, పొక్కులు కనిపించిన 72 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మంత్రాల కోసం తిరిగితే ఆ మూడు రోజులూ గడిచిపోతాయి. కంటి దగ్గర వస్తే చూపుకే ప్రమాదం. ఇంట్లో తాతకో, అమ్మమ్మకో ఇలా వస్తే సాలీణ్ణి వెతకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి.

మరి నిజంగా ప్రమాదమైన సాలీళ్లు లేవా అంటే, ఉన్నాయి. విడో సాలీళ్లు అనే జాతి మన దేశంలోనూ అక్కడక్కడా కనిపించింది. గుండ్రటి పొట్ట, పొట్ట కింద ఎర్రగా లేదా నారింజ రంగులో డమరుకం ఆకారంలో గుర్తు ఉంటుంది. రాళ్ల కింద, పాత సామాను కింద చిక్కు గూడు అల్లుతుంది. అలాంటిది కనిపిస్తే చెయ్యి పెట్టకూడదు. ఏ సాలీడు కరిచినా సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేయాలి. ఒళ్లంతా నొప్పులు, కండరాలు పట్టేయడం, చెమటలు, ఊపిరి ఇబ్బంది ఉంటే 108కి ఫోన్ చేయాలి. ఇక ఫోన్లలో తిరిగే కుళ్లిన పుండ్ల ఫొటోలకు భయపడొద్దు. వాటి కింద ఉండే పేరు ఎక్కువగా అమెరికాలోని బ్రౌన్ రెక్లూజ్ సాలీడుది, అది మన దేశపు ప్రాణి కాదు.

గదిలో ఉండటం ఇష్టం లేకపోతే సాలీణ్ణి బయటికి పంపడం సులభం. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద నోటుబుక్కు అట్ట తోసి, తీసుకెళ్లి చెట్టు దగ్గర వదలడమే.

బయట ఆవరణలో సాలీళ్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి. మొక్కల మధ్య గుండ్రటి గూట్లో, కాళ్లను రెండేసి జతలుగా గుణకారం గుర్తులా పెట్టుకొని కూర్చొనేది ఆర్జియోపె. గూటి మధ్యలో తెల్లటి మెలికల గీతలు కూడా అల్లుతుంది, అందుకే దీన్ని సంతకం సాలీడు అంటారు. పక్కనే కనిపించే బుల్లి సాలీడు దాని పిల్ల అనుకునేరు, మొగుడు. మామిడి చెట్టు మీద ఎర్రచీమల మధ్య చీమలాగే నడిచే సాలీడు ఉంటుంది. ముందు కాళ్లు రెండూ మీసాల్లా పైకెత్తి నడుస్తుంది. కాళ్లు లెక్కపెడితే గాని దొరకదు.

తుమ్మ కంపల మీద, రేగు పొదల మీద ఎండుటాకులు, పురుగుల పెంకులు అతుక్కున్న బూడిద రంగు ముద్దల్ని పల్లెల్లో అందరం చూసే ఉంటాం. అది ఒక సాలీడు ఇల్లు కాదు, ఒక ఊరు. స్టెగోడైఫస్ సరాసినోరం అనే ఈ సాలీళ్లు వందల సంఖ్యలో కలిసి ఉంటాయి, కలిసి వేటాడతాయి. ఇన్ని వేల జాతుల్లో ఇలా కలిసి బతికేవి సుమారు పాతిక మాత్రమే. మన చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని వీటి మీద డెన్మార్క్ శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. తల్లి తాను తిన్నదాన్ని కక్కి పిల్లలకు పెడుతుంది. చివరికి తన శరీరాన్నే వాటికి ఆహారంగా ఇస్తుంది.

గుత్తి పేరు మోసిన సాలీడు కూడా ఉంది. నెమలి నీలం రంగులో మెరిసే ఈ పెద్ద సాలీణ్ణి అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించి, పోసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో మళ్లీ కనిపించింది. కలప నరకడం వల్ల, విదేశాల్లో పెంచుకోవడానికి ఎత్తుకుపోవడం వల్ల ఇది అంతరించిపోయే స్థితికి చేరింది. దీని వ్యాపారాన్ని అదుపు చేయడానికి 2019లో ఈ సాలీళ్ల ప్రజాతిని సైటిస్ ఒప్పందపు జాబితాలో చేర్చారు.

మన అమ్మానాన్నలు పని చేసే వరి మడుల్లో నేల మీద, దుబ్బుల మొదట్లో పరుగెత్తేవి తోడేలు సాలీళ్లు. సుడిదోమను తినే వాటిలో ఇవి ముఖ్యమైనవి. అవసరం లేకుండా మందు కొడితే ముందు ఇవి చచ్చి, తర్వాత సుడిదోమ ఇంకా పెరుగుతుందని వరి పరిశోధకులు చెబుతారు. చిత్రమేమిటంటే మనకు బొబ్బలు తెచ్చే పెడెరస్ కూడా అదే పొలంలో సుడిదోమను తింటుంది. రైతుకు మిత్రుడే, మన మెడ మీద వాలకపోతే చాలు.

తోడేలు సాలీళ్లు మన ఆటస్థలంలోనూ ఉన్నాయి. రాత్రి భోజనాలయ్యాక సార్‌ను అడిగి, టార్చిలైటును చెవి పక్కన, కంటికి సమంగా పట్టుకొని గడ్డి మీదికి వేయండి. మంచు బిందువుల్లా ఆకుపచ్చగా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే ఒక్కో చుక్కా ఒక్కో సాలీడు కళ్లు. తల్లి సాలీడు గుడ్ల సంచిని పొట్ట చివర కట్టుకొని తిరుగుతుంది. పిల్లలు బయటికి రాగానే వాటిని వీపు మీదికి ఎక్కించుకుంటుంది. మీకు కనిపించిన చోట ఒక పెద్ద చుక్క చుట్టూ చిన్న చిన్న చుక్కలు గుంపుగా మెరుస్తుంటే, అది పిల్లల్ని మోస్తున్న తల్లి.